గీత దాకా

సెప్టెంబరు 24, 1962
మళ్ళీ కాంతానికే పదికి పది. నాకు మూడు. నర్సు పనంటే కట్లు కట్టడం అనుకున్నాను గానీ, మందు లెక్కలు ఇంత ఏడిపిస్తాయని ఎవరనుకున్నారు? డాక్టరు గ్రెయినులో, అంటే మందు తూచే కొలతలో, ఆరో వంతు ఇమ్మంటాడు. సీసాలో ఉండేవి పావు గ్రెయిను బిళ్ళలు. బిళ్ళలో ఎంత ఇవ్వాలి? నేను వేళ్ళు మడుస్తూ ఉండగానే కాంతం చెప్పేసింది. వాకాడు పక్క రేవులో తల్లితో చేపలమ్మిన పిల్ల! పాఠం చెప్పే సిస్టరమ్మ "చూసి నేర్చుకో రవణమ్మా" అంది, అందరి ముందూ. ఒళ్ళు మండిపోయింది.

సెప్టెంబరు 27
వచ్చే నెలాఖరుకు పరీక్ష. తప్పినవాళ్ళు పెట్టె సర్దుకోవాల్సిందే. నాకింక బోగోలు, మా ఇల్లు, వదిన చేతి కింద వంటిల్లు. పోను. చచ్చినా పోను.

సెప్టెంబరు 28
ఇవాళా మూడే.

అక్టోబరు 3
నేర్పుతానంది కాంతం. తలనొప్పి అన్నాను. దాని నవ్వు చూస్తే నిజంగానే తలనొప్పి. వార్డులో ముసలమ్మలు కూడా "కాంతం రాలేదా" అనే అడుగుతారు. నేను కంటికి ఆననా?

అక్టోబరు 7
అన్న బియ్యం తెచ్చాడు. గేటు దగ్గర కాంతం పలకరించింది. పంట మాట వచ్చింది— ఇన్ని పుట్లకు ఎన్ని బస్తాలో అన్న నోరు తెరిచేలోపు చెప్పేసింది. మురిసిపోయాడు. "ఆ పిల్లది ఏం బుర్ర రవణా!" పొరుగింటి పుల్లకూర రుచి మరి. నాట్లకు నువ్వొచ్చేస్తావనే వదిన అనుకుంటున్నదని పోతూ పోతూ ఒక మాట వేసి పోయాడు.

అక్టోబరు 12
అడిగేశాను కాంతాన్ని. సిగ్గు చంపుకుని.
మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పడవ ఒడ్డెక్కితే పడవకొక వాటా, వలకొక వాటా, మనుషులకు తలా ఒకటి. పుట్టినప్పటినుంచీ చూసింది వాటాలే.
"ఒక చేపను పన్నెండు ముక్కలు కొయ్యక్కా. పావంటే మూడు, అదే నీ బిళ్ళ. ఆరో వంతంటే రెండు. నీ చేతిలో ఉండే మూడిట్లో రెండియ్యి, అంతే గదా."
అంతే! ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికా? సంతోషపడాలి కదా... ఇంత సులువుగా చెప్పినందుకే ఎక్కువ కడుపుమంట.

అక్టోబరు 27
పరీక్ష. లెక్కలన్నీ ఒప్పు— నాకూ, దానికీ.
తర్వాత మందు పొయ్యాలి, గ్లాసు మీద గీత దాకా. నేను సరిగ్గా పోశాను. కాంతం గీత దాటించింది. మళ్ళీ పొయ్యమంటే మళ్ళీ దాటించింది. ఏమిటిదని సిస్టరమ్మ అడిగితే—
"రోగంతో ఉండే మనిషికి కొసరు లేకుండా ఎట్టా పోసేదమ్మా?"
వాళ్ళమ్మ చేపలు ఎంచి ఇచ్చాక పైన ఒకటి వేస్తుందట. వెయ్యకపోతే గంప కలిసిరాదట. నాకు నవ్వొచ్చింది. సిస్టరమ్మ నవ్వలేదు. ఇంకో మందైతే ఆ కొసరుకే ప్రాణం పోతుందంది.
కాంతం తప్పింది.

అక్టోబరు 28
నా చెయ్యి ఎందుకు తప్పలేదో నాకు తెలుసు. కూలీలకు వడ్లు కొలిచేటప్పుడు మా అమ్మ అరచేత్తో మట్టంగా తోసేసేది, ఒక్క గింజ పైకి లేవకుండా. వదినా అంతే. మా ఇంట్లో కొసరు ఎరగం. ఆ పిసినారితనానికి నాకు మార్కులు!
వార్డంతా కాంతం కోసం కళ్ళు తుడుచుకుంటోంది. పాసయ్యావా అని నన్ను అడిగిన దిక్కు లేదు. ఓడినా దానిదే పైచెయ్యి.

అక్టోబరు 29
సిస్టరమ్మ పిలిచింది. రేపు కాంతానికి ఇంకొక్క అవకాశం ఇస్తుందట. అదీ తప్పితే ఇంటికే. "నీ చెయ్యి కుదురు. నువ్వు నేర్పు దానికి" అంది.
నేనా...

సాయంత్రం—
గ్లాసూ నీళ్ళూ పట్టుకుని వచ్చింది. పోసింది. గీత మీదికి ఒక్క చుక్క. ఎప్పటికన్నా తక్కువే. వంగి కళ్ళు దగ్గర పెడితే గానీ తెలియదు. రేపు సిస్టరమ్మ వంగే చూస్తుంది.
"సరిపోయిందా అక్కా?"
గ్లాసు వంక చూడదు. నా మొహం వంకే చూస్తోంది.
ఒక్క నిమిషం ఆగమన్నాను. ఇది రాస్తున్నాను. అది ఇంకా నిలబడే ఉంది.