ఓవెన్ల తేనెటీగల మోత

లచ్చక్కకు, ఖమ్మం నుంచి నీ తమ్ముడు కన్నయ్య దండం పెట్టి రాసేది.

అక్కా నేను మంచిగున్న. జరం గిరం ఏం లేదు, తింటున్న, పంటున్న. మీరెట్లున్నరు? అవ్వ మోకాలు నొప్పి తగ్గిందా? నాయనకు కన్ను మీద తేనెటీగ కుట్టిందని రాస్తివి, వాపు దిగిందా? నల్లమేక ఈనిందా? చిన్నోడు బడికి పోతుండా, ఏరు కాడ్నే తిరుగుతుండా? ఈ ఉత్తరం నువ్వు చదువుకోని అవ్వకు నాయనకు మన కోయమాటల చెప్పు. అన్నీ చెప్పు, ఏం దాసకు.

ముందుగాల ఒకటి చెప్త. నన్ను ఎవరు ఎళ్ళగొట్టలే. నేను ఇంటికి వస్తలే, ఈడ్నే ఉంటున్న. మొదట్లనే ఎందుకు రాస్తున్ననంటే ఉత్తరం చూడంగనే అవ్వ వీడు మళ్ళ పారిపోయి వస్తుండని పరేషాన్ అయితది.

ఇంకోటి. ఫోన్ల నేను మాట్లాడకపోవుడు తప్పే. నువ్వు చండ్రుగొండ దాక నడిసిపోయి కాయిన్ బాక్సు కాడ నిలబడి చేస్తివి. హలో కన్నయ్యా, హలో కన్నయ్యా అంటనే ఉంటివి. నేను ఈడ షాపు ఫోన్ చెవికి పెట్టుకోని వింటనే ఉన్న అక్కా. నీ ఎనక బస్సు హారన్ గూడ వినపడ్డది. నోరు రాలే. మన మాట మాట్లాడితే ఈడోళ్ళు నవ్వుతరని, తెలుగు మాట్లాడితే నువ్వు నవ్వుతవని గమ్మున నిలబడ్డ. ఫోన్ కట్ అయింది. రెండుసార్లు గట్లనే చేసిన.

నన్ను బస్సు ఎక్కిచ్చేటప్పుడు నాయన ఏమన్నడో నీకు యాదికుందా? కొత్తగూడెం టీ హోటల్ నుంచి పారిపోయి వస్తి, సత్తుపల్లి సైకిల్ షాపు నుంచి పారిపోయి వస్తి, ఎందుకొచ్చినవురా అంటే ఒక్కసారి గూడ చెప్పకపోతి. అందుకే నాయన, "ఈసారి వస్తే రా, ఇల్లు నీదే. కాని ఎందుకొచ్చినవో నోటితోని చెప్పి లోపలికి రా" అన్నడు. తిట్టినా మంచిగుండేది. ఆ మాట ఇన్ని రోజులు చెవులల్ల తిరుగుతనే ఉండె.

ఇగ ఈడి సంగతి. మా బేకరీ బస్టాండుకు దగ్గర. ఓనరును అందరు రాములు సేటు అంటరు. కోపం జల్దీ వస్తది, జల్దీ పోతది. కౌంటర్ మీద సలీం ఉంటడు, నాకన్న నాలుగేండ్లు పెద్ద, మస్తు మాట్లాడతడు. వచ్చిన నాడే నాకు మూగోడని పేరు పెట్టిండు. నా పని టేబుళ్ళు తుడుసుడు, ట్రేలు కడుగుడు. పైన రూముల నేను సలీం ఉంటం. అన్నం, పప్పుచారు పెడ్తరు, కడుపు నిండుతది. కాని ఈడ ఎండ మన ఎండ లెక్క కాదు అక్కా, కింది నుంచి గూడ వస్తది. నీడకు నిలబడాలంటే షాపు రేకు కిందనే. అవ్వ వండే లేత వెదురు కొమ్ముల కూర యాదికొస్తది. పొద్దుగాల లేస్తే ఒక్క పిట్ట అరవది, అన్ని ఆటోలే.

కౌంటర్ పక్కన ఒక డబ్బా ఉంటది, మైక్రో ఓవెన్ అంటరు. చల్లటి పఫ్ పెట్టి బటన్ నొక్కితే గాజుపల్లెం తిరుగుతది, లైటు వెలుగుతది, కొంచెం సేపట్ల పఫ్‌కు పొగలు వస్తయి. మంట ఉండది. వచ్చిన కొత్తల మంట యాడుందో అని కిందికి వంగి చూసిన. సలీం నవ్వి నవ్వి కింద పడ్డడు. నాకు దాన్ని చూసుడు కన్న వినుడు మంచిగనిపిచ్చింది. అండ్ల రెండు సప్పుళ్ళు ఉంటయి. ఒకటి ఫ్యాను, స్స్స్ అంటది. దాని కింద ఇంకోటి, లావు సప్పుడు. మన అడవిల చెట్టు తొర్రల తేనె ఉందా లేదా అని నాయన మొద్దుకు చెవి పెట్టి వింటడు గదా, అచ్చం లోపలి తేనెటీగల మోత. అది ఇన్నప్పుడల్ల నాకు ఇంటికాడ ఉన్నట్టు ఉండేది.

పోయిన వారం ఏమైందంటే, పఫ్‌లు చల్లగ వచ్చుడు మొదలైంది. లైటు వెలుగుతుంది, పల్లెం తిరుగుతుంది, నంబర్లు దిగుతున్నయి, టింగుమంటది, తీస్తే రాయి లెక్క చల్లగ. ఒకాయన సగం కొరికి సేటు ముంగట పెట్టి "ఇదేందయ్యా, నిన్నటిదా" అన్నడు. సేటుకు కోపం వచ్చింది.

"ఎవడు పట్టిండు దీన్ని?" అన్నడు.

"పొద్దుగాల తుడిసింది వీడే" అన్నడు సలీం.

"లోపల స్టీలు గ్లాసు గిట్ల పెట్టినవా రా?"

నేను పెట్టలే అక్కా. పెట్టలే అనుటానికి ఎంత సేపు? తల వంచుకోని నిలబడ్డ. సేటు చూసి చూసి "చెప్పవు గదా. సరే, శనారం నీ బట్టలు సర్దుకో, బస్సు ఎక్కిస్త" అన్నడు. అప్పుడు బుధవారం. నాకు నాయన మొఖమే కనపడ్డది. ఎందుకొచ్చినవురా అంటే ఏం చెప్పాలె?

నాకు సంగతి ఎరుక. మూడు రోజుల నుంచి ఆ లావు సప్పుడు ఒకసారి వస్తుంది, ఒకసారి వస్తలేదు. ఫ్యాను ఒక్కటే మోగినప్పుడు పఫ్ చల్లగ వస్తుంది. ఇంకోటి గూడ చూసిన. ఆ తలుపు అరుగు లెక్క ముందుకు వాలుతది, సలీం అది తెరిసి దాని మీదనే పఫ్‌ల ట్రే పెడ్తడు, మోచెయ్యి ఆనిచ్చి ఫోన్ల మెసేజ్‌లు కొడ్తడు. తలుపు కిందికి జారింది. మూస్తే పైన ఒక సందు, గోరు పట్టేంత.

తెల్లారి గురువారం, టీచరమ్మ వచ్చింది. రోజు బడి ఇడిసినంక వచ్చి కేకు కొనుక్కపోతది. సేటు ఆమెకు ఓవెన్ సంగతి చెప్పుకుంట నన్ను తిడుతుండు. ఆమె నన్ను చూసి "ఏంది బాబు, ఏదో అనబోతున్నవు?" అన్నది.

నోరు తెరిసిన. ఆ సప్పుడును తెలుగుల ఏమంటరో రాలే. మన మాటల ఉంది, ఈడ ఎవరికి తెల్వది. ఇగ ఏం చెయ్యాలె? ఓవెన్ మీద చెయ్యి పెట్టి "మ్మ్మ్మ్మ్" అన్న. గట్టిగ. బేకరీల అందరు నా దిక్కు తిరిగిండ్రు.

"అరె మూగోడు పాట పాడుతుండు!" అని సలీం కౌంటర్ కొట్టి నవ్విండు.

చెవులు కాలిపోయినయి అక్కా. పారిపోదామనిపిచ్చింది, తొవ్వ గూడ చూసుకున్న. మళ్ళ ఏమనుకున్ననో, నోటితోని "స్స్స్" అన్న. ఫ్యాను దిక్కు చూపిచ్చి, "ఇది ఉంది" అన్న. మళ్ళ "మ్మ్మ్మ్" అని, "ఇది లేదు" అన్న. "ఇది ఉంటేనే వేడి."

సేటు నవ్వలే. "మళ్ళ అను" అన్నడు. మళ్ళ అన్న. టీచరమ్మ "అవ్, మా ఇంట్లది గూడ గట్లనే అంటది" అన్నది.

గాజు గ్లాసుల నీళ్ళు పోసి లోపల పెట్టి బటన్ నొక్కిన. స్స్స్ ఒక్కటే. అప్పుడు మూసిన తలుపును కింది నుంచి రెండు చేతులతోని కొంచెం పైకి ఎత్తిన. ఎత్తంగనే మ్మ్మ్మ్మ్ అని లేసింది! అక్కా, చెట్టుల తేనె దొరికినప్పుడు నాయన మొఖం ఎట్లుంటదో నా మొఖం గట్లనే అయి ఉంటది. టింగుమన్నంక సేటు గ్లాసుల వేలు పెట్టి "అబ్బా" అని ఎనక్కి గుంజుకున్నడు. గా అబ్బా నాకు ఇంక వినపడుతనే ఉంది.

"ఎట్లయింది రా ఇది?" అన్నడు.

సలీం నవ్వుడు ఆపి నేల చూస్తుండు. నేను "తలుపు మీద బరువైంది" అన్న. ఎవరు పెట్టిండ్రో అనలే. సలీంకు సమజైంది.

శుక్రారం మెకానిక్ వచ్చిండు. తలుపు చూసి, "జారింది. కొక్కెం లోపలి స్విచ్చిని నొక్కుతలేదు, అందుకే వేడి పుడ్తలేదు. ఎవరు కనిపెట్టిండ్రు?" అన్నడు. సేటు "మా కన్నయ్య" అన్నడు. మా కన్నయ్య అన్నడు అక్కా! నా పేరు ఆయనకు ఎరుకనే అని అప్పటి దాక నాకు తెల్వది.

మెకానిక్ నాకు రెండు మాటలు చెప్పిండు. తలుపు వదులుంటే అసలే నడపొద్దంట, గట్ల ఎత్తి పట్టుకోని నడుపుడు ఇంక పెద్ద తప్పంట. నేను ఒక్కసారే పట్టిన అన్న. రెండోది, "బయటి నుంచి చూసేదే నీ పని బిడ్డా, పైరేకు విప్పకు. ప్లగ్గు పీకినంక గూడ లోపల కరెంటు దాసుకోని కూసుంటది, పాణం తీస్తది." నేను విప్ప. నాయనతోని చెప్పు, భయపడొద్దని.

శనారం వచ్చింది. సేటు బట్టలు సర్దుకొమ్మనలే, టీచరమ్మ ఇంటికి పంపిండు. ఆమె ఓవెన్ల చిటపట మెరుపులు వస్తున్నయంట. ముందుగాల ప్లగ్గు పీకిన. లోపల పక్క గోడకు ఒక పల్చటి అట్ట లెక్క ఉంటది, మైకా అంటరు, మా ఓవెన్ల మెకానిక్ చూపిచ్చిండు. దాని మీద కూర నూనె చిట్లి నల్లగ మాడి బొక్క పడ్డది. ఆమె అది కొన్నప్పటి ప్యాకింగ్ అట్ట అనుకోని పీకి పారేద్దామనుకుంటుండె. వద్దమ్మా, అది ఉండాలె అని చెప్పిన. ఎలక్ట్రిక్ షాపుల కొత్తది తెచ్చి, పాతదాని మీద పెట్టి గీసి, కత్తెరతోని కత్తిరిచ్చి పెట్టిన. ఆమె ప్లేట్లకు బంగారు గీత ఉంది, దానికి గూడ మెరుపులు లేస్తయి, అవి పెట్టొద్దన్న. ఆమె "ఇంత మాట్లాడతవా నువ్వు!" అని నవ్వింది. మంచిగనే నవ్వింది.

ఆమె పక్కింటోళ్ళది ఇంక సులువు. ఏ బటన్ నొక్కినా పలకదు. పాడైందని గుడ్డ కప్పి పెట్టిండ్రు. అది పిల్లలు నొక్కకుండ వేసే తాళం. ఒక బటన్ పట్టుకోని కొంచెం సేపు నొక్కి ఉంచితే పడ్తది, గట్లనే నొక్కితే పోతది. నాకెట్ల తెలుసంటే, నీకొక్కదానికే చెప్తున్న, బేకరీల తుడుసుకుంట తుడుసుకుంట ఒకసారి నేనే తాళం వేసిన. ఎవరు చూడక ముందే తీసిన.

సలీం ఇప్పుడు నన్ను డాక్టర్ సాబ్ అంటడు. తలుపు మీద ట్రే పెడ్తలేడు. వాని ఫోన్ల మెసేజ్ కొట్టుడు నేర్పిస్తుండు, ఇంగ్లీషు అచ్చరాలతోని తెలుగు. నా పేరు కొట్టిన. మన గుంపుల ఇండ్లల్ల ఎవరికి ఫోన్ లేకపాయె, సలీంకే పంపుకుందామంటే ఫోన్ వానిదే.

ఎవరన్న ఖమ్మం వస్తే ఎండిన వెదురు కొమ్ములు కొన్ని పంపు. సలీం గూడ తింటా అన్నడు. అవ్వను మోకాలుకు ఇప్పనూనె రాసుకొమ్మను. నల్లమేక సంగతి మరువకు. అవ్వ కాళ్ళకు నాయన కాళ్ళకు నా దండాలు, తల మీద చెయ్యి పెట్టి దీవిచ్చిండ్రని అనుకుంట. తాతను, పెద్దమ్మను అడిగిన అని చెప్పు. చిన్నోన్ని ఏరుల దూకొద్దను. నాయనతోని గిది తప్పక చెప్పు: చెట్టుకు చెవి పెట్టి వినుడు నువ్వు నేర్పిందే, ఈడ గూడ అదే పని చేస్తున్న.

వచ్చే ఆదివారం పొద్దుగాల చండ్రుగొండ పోయి ఫోన్ చెయ్యి అక్కా. నాయనను గూడ తీసుకపో. ఈడ ఫోన్ ఎత్తంగనే నువ్వు హలో అనకు. గమ్మున ఉండు. హలో ముందుగాల నేనే అంట. అందరి ముంగట, మన మాటలనే అంట.

నీ తమ్ముడు
కన్నయ్య