ముప్పాతిక ఫ్రేము

మార్చి 9, ఆదివారం

తలుపులు మళ్లీ రెట్టింపు స్పీడులో తెరుచుకుంటున్నాయి.

గేమ్ పేరు స్టీల్ హార్బర్. నా పదకొండో ఏట షేక్‌పేటలో మా అమ్మావాళ్లింట్లో టీవీకి తగిలించి ఆడింది. మంచు కురిసే ఓడరేవు, ఒక గన్, బోలెడుమంది శత్రువులు. ఆ కన్సోల్ చెడిపోయి పదేళ్లయింది. దాన్ని ఇప్పటి కంప్యూటర్ మీద మౌస్, కీబోర్డుతో ఆడేలా మార్చాలని ఐదు నెలలుగా కుస్తీ పడుతున్నాను. పాత గేమ్ సెకనుకి ముప్పై ఫ్రేములు, అంటే ముప్పై బొమ్మలు. నేను అరవై చేశాను. దాంతో తలుపులూ శత్రువులూ అన్నీ పూనకం వచ్చినట్టు పరిగెడుతున్నాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి.

సినిమా గ్రాఫిక్స్ ఆఫీసులో ఎనిమిదేళ్లుగా, ఫైట్లలో గాల్లోకి లేపే తాళ్లని హీరోల వీపుల మీంచి చెరుపుతున్నాను. బాగా చెరిపితే అక్కడ తాడున్నట్టే ఎవరికీ తెలియదు, నేనున్నట్టు కూడా. ఇది ఒక్కటైనా నా పేరుతో పూర్తవ్వాలి. ఏప్రిల్ నెలాఖరుకి రిలీజ్ అని పాత గేములవాళ్ల ఫోరంలో రాసేశాను. బుద్ధి లేక.

మార్చి 14

తలుపులు సరయ్యాయి. ఇప్పుడు లిఫ్టు పైకప్పు దాటి పోతోంది.

మార్చి 20

ఆఫీసులో నా పక్క సీటు నిఖిల్‌ది. టోలిచౌకిలో ఉంటాడు. వాడికి గేమ్ ఇచ్చి ఆడమన్నాను. గన్ల దమ్ము లేదు గీతికా, అన్నాడు. దమ్మంటే ఏంటి? సౌండా, వేగమా? అన్నాను. వాడికి చెప్పడం రాదు. పాతదాంట్ల ఉండె, గీండ్ల లేదు, గంతే, అన్నాడు.

చిరాకేంటంటే, నాకూ అలాగే ఉంది. గన్ తాలూకు నంబర్లన్నీ పాతవాటితో పోల్చి చూశాను. ఒక్కటీ తేడా లేదు.

మార్చి 23, ఆదివారం ఉదయం

మా మామగారు సూర్యప్రకాశరావు గారు సినిమా ఎడిటర్. మద్రాసులో మొదలుపెట్టి, ఫిల్మ్‌నగర్ వచ్చి స్థిరపడ్డారు. రీళ్లని చేత్తో కోసి అతికించే రోజులవి. ఎడిటింగ్ కంప్యూటర్ల మీదికి రాగానే, నేను దాన్ని ముట్టను అన్నారట. ముట్టలేదు. ఇరవై రెండేళ్లు.

బెడ్‌రూంలో చోటు లేక నా సిస్టమ్ హాల్లోనే పెట్టుకున్నాను. నేను గేమ్‌లో కాలుస్తుంటే ఆయన వెనకాల సోఫాలో పేపర్ చదువుతూ చప్పుడుకి విసుక్కుంటుంటారు. ఈరోజు ఉన్నట్టుండి, అమ్మాయ్, సౌండు ముందొస్తోంది, అన్నారు.

దేనికి ముందు మామయ్యా, అన్నాను.

మంటకి. తుపాకీ మూతి దగ్గర మంట కనబడకముందే చప్పుడు వినబడుతోంది. ఇంక దెబ్బలో బరువెక్కడుంటుంది, అన్నారు.

ఎంత ముందు అని అడిగాను. నాచేత ఇంకో పదిసార్లు కాల్పించారు. ఒక ఫ్రేముకి కొంచెం తక్కువ, ముప్పాతిక అనుకో, అని మళ్లీ పేపర్లోకి వెళ్లిపోయారు.

సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు. అందులో ముప్పాతిక అంటే ముప్పై ఒక్క మిల్లీసెకన్లు. అది కంటికి తెలుస్తుందా ఎవరికైనా?

అదేరోజు మధ్యాహ్నం

దొరికింది. కదలిక నునుపుగా ఉండాలని రెండు పాత ఫ్రేముల మధ్య కొత్తది నేనే పుట్టిస్తున్నాను. అందుకు తర్వాతి పాత ఫ్రేము వచ్చేదాకా బొమ్మ ఆగుతోంది, సౌండు ఆగట్లేదు. తేడా ముప్పై మూడు మిల్లీసెకన్లు. సౌండుని అంత వెనక్కి జరిపాను. గన్ పేలింది! అబ్బ, గిదీ గన్నంటే, అని నిఖిల్ మెసేజ్.

ముప్పై మూడు అని మామయ్యకి చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నారు. అయితే ముప్పాతిక కన్నా కాస్త ఎక్కువేనన్నమాట, నా కళ్లు మందగించాయి, అన్నారు.

ఏప్రిల్ 2

ఆ లెక్క ఆయనకి చెప్పడం నాదే తప్పు. ఇప్పుడు సాయంత్రం నేను జూబ్లీహిల్స్ ట్రాఫిక్‌లోంచి బయటపడి ఇల్లు చేరేసరికి, నా సిస్టమ్ పక్కనే కుర్చీ వేసుకుని నోట్‌బుక్‌తో సిద్ధంగా ఉంటున్నారు. నీళ్ల చప్పుడు తిరిగి మొదలయ్యే చోట అతుకు వినబడుతోందట. మెట్ల మీద అడుగులూ చప్పుడూ కలవట్లేదట. ఈరోజు మొత్తం పదిహేడు తప్పులు. అన్నీ నిజమే. అందుకే ఒళ్లు మండుతోంది.

మీ మామయ్య ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్లయిందో అని అత్తయ్య మురిసిపోయారు. ఆ మాటలన్నీ నా మీదేనండీ, అన్నాను.

ఏప్రిల్ 9

పదిహేడులో పద్నాలుగు సరిచేశాను. ఆయన ఇంకో పదకొండు రాశారు.

ఏప్రిల్ 12, శనివారం

మూడో లెవెల్లో పొడుగాటి దారి ఒకటుంది. శత్రువులుండరు, గన్ పేలదు, మంచులో నిమిషంన్నర నడవడమే. ఇది కోసెయ్, అన్నారు మామయ్య. గేమ్ చేసింది వేరేవాళ్లు, కొయ్యడానికి మనమెవరం, అన్నాను. అక్కర్లేనిది ఉంచేవాడు ఎడిటరే కాదు అన్నారు. మూడుసార్లు అన్నారు.

కోపమొస్తే నా నోట్లోకి షేక్‌పేట వచ్చేస్తుంది. మీరు ఒక్కసారి ఆడరు, మౌస్ పట్టరు, కుర్సీల కూసొని తప్పులు తీసుడు అల్కనే మామయ్యా, ఇరవై ఏండ్ల సంది గదే చేస్తున్రు, అనేశాను.

నోట్‌బుక్ మూసి లోపలికి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 13

నా సిస్టమ్ పక్కన కుర్చీ లేదు, భోజనాల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 17

మామయ్య పేపర్ బాల్కనీలో చదువుతున్నారు, ఈ ఎండలో. హాలంతా నాదే. కానీ ఇప్పుడు నీళ్ల చప్పుడులో అతుకు నాకే వినబడుతోంది. ఇదివరకు వినబడేది కాదు.

మా ఆయన శ్రీకృష్ణ ప్రొడక్షన్ మేనేజరు. ఔట్‌డోర్ షూటింగ్ నుంచి ఫోన్ చేశాడు. నాన్నకి సారీ చెప్పెయ్ అన్నాడు. నేనన్నది నిజమే కదా, అన్నాను. నిజం కాబట్టే చెప్పు, అన్నాడు.

ఏప్రిల్ 20, ఆదివారం ఉదయం

బాల్కనీలోకి వెళ్లి, తప్పు మాట్లాడిన మామయ్యా, అన్నాను.

ఆయన పేపర్ ఒళ్లో పెట్టుకున్నారు. రోడ్డు వైపు చూస్తూ చెప్పారు. కంప్యూటర్ వచ్చిన కొత్తలో మొదటిరోజు నేనేదో నొక్కితే సగం సినిమా మాయమైపోయింది. నా అసిస్టెంట్లందరూ అక్కడే ఉన్నారు. ఎవరో నవ్వారు. మర్నాడు వెళ్లలేదు. రావుగారికి పౌరుషం అనుకున్నారంతా. పౌరుషం కాదమ్మా, భయం.

గీడ మీరేం నొక్కినా ఏం పోదు, అన్నీ ఇంకోచోట దాచిపెట్టిన, అన్నాను. అంతకన్నా మంచి మాట దొరకలేదు.

పేపర్ మడిచి లేచారు.

అదేరోజు సాయంత్రం

మామయ్య మౌస్‌ని గాల్లోకి ఎత్తి తిప్పుతారు. నేలని కాలుస్తారు. గోడకి ముక్కు ఆనించి, ఎక్కడున్నానమ్మా అంటారు. మొదటి లెవెల్లోనే ముప్పై ఎనిమిదిసార్లు చచ్చారు. మౌస్ లాక్కుందామని నా చేతులు దురద పెట్టాయి, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇక చాలించండి అని అత్తయ్య వంటింట్లోంచి కేకేశారు. ఒక్కసారి, ఇంకొక్కసారే, అన్నారు.

ఏప్రిల్ 27, ఆదివారం

మూడో లెవెల్లో గోదాము దాటడానికి నాలుగు రోజులు పట్టింది ఆయనకి. ఈరోజు దాటారు. చొక్కా తడిసిపోయింది. ఎదురుగా ఆ మంచు దారి. నడుస్తున్నారు. ఎక్కడో ఓడ కూసింది. సగం దూరం వెళ్లాక మౌస్ వదిలేసి వేళ్లు విరుచుకున్నారు.

ఇది కొయ్యకు, అన్నారు. కూర్చుని చూస్తే పొడుగనిపించింది. ఆడినవాడు ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోవాలి, అది నాకు తెలీలేదు.

నోట్‌బుక్ తీసి ఆ లైను ఆయనే కొట్టేశారు.

ఏప్రిల్ 30

రిలీజ్ చేశాను. చివర్లో పేర్లు: నాది, నిఖిల్‌ది, తర్వాత 'ఎడిటింగ్: సూర్యప్రకాశరావు'.

అక్షరాలు బాగాలేవు, అరసెకను ఎక్కువుంచావు, అన్నారు మామయ్య. తర్వాత అత్తయ్యని పిలిచి మళ్లీ వేయించారు. మూడుసార్లు. మూడోసారి అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని చూశారు.

మే 4, ఆదివారం

పొద్దున్నుంచీ సిస్టమ్ నాకు దొరకలేదు. ఆఫీసు షాట్ ఒకటి అర్జెంటు అని చెప్పాను. ఈసారి చచ్చాక లేస్తా, అంతవరకూ ఆగు, అన్నారు మామయ్య.

గంటన్నరైంది. చావట్లేదు.