నా వెనక మొదటి మనిషి

జులై 2
ముసలి చైర్మన్ దిగిపోయాడు. ఊరి కౌన్సిల్ కుర్చీ ఖాళీ. ఇన్నేళ్లూ ఆడవాళ్ల కార్యదర్శిగా మీటింగులకు బెంచీలు మోసింది నేను. జనం మాత్రం పక్కింటి బిరిబావాని నిలబడమంటున్నారు.

జులై 4
నిలబడుతోందట. బోరింగు బాగు చేయిస్తానంటోంది. దేంతో? మన సంత పన్నంతా పైనున్న సబ్‌కౌంటీ ఆఫీసుకి పోతుంది. అందులో ఊరి వాటా వెనక్కి రావాలి, వెంటపడకపోతే రాదు. రాజధాని కంపాలా నుంచి జిల్లాకు వచ్చే డబ్బయితే ఇది బడికి, ఇది ఆసుపత్రికి అని ముందే పేరు పెట్టుకుని వస్తుంది. ఇదంతా దానికి చెప్పింది నేనే. నా మాటలే సంతలో వల్లిస్తుంటే చప్పట్లు. ఒళ్లు మండిపోయింది.

జులై 7, సాయంత్రం
నేనూ పోటీకి దిగాను. నా మొగుడు కిరుండాకి చెప్పాను, ఓటు రోజు నా వెనక మొదట నువ్వే నిలబడాలని. ఇంకెవరి వెనక నిలబడతానే కగోయా, పిచ్చిదానా అన్నాడు. చిలగడదుంపలు మళ్లీ పెట్టించుకున్నాడు.

జులై 9
నిద్ర లేదు.

జులై 10
మా ఊరి ఓటుకు పెట్టె లేదు, కాగితం లేదు. బడి మైదానంలో ఇద్దరం నిలబడ్డాం. నచ్చినవాళ్ల వెనక జనం లైను కట్టారు. వెనక్కి తిరిగితే చులకనైపోతానని తిరగలేదు. భుజం మీద మగచెయ్యి పడింది. కిరుండా వచ్చాడని ప్రాణం లేచొచ్చింది.

లెక్క అయింది. బిరిబావా గెలిచింది. అప్పుడు తిరిగి చూశాను. ఆ చెయ్యి బిరిబావా మొగుడు బలికోవాది! కిరుండా అటు, దాని లైన్లో, తల వంచుకుని ఉన్నాడు.

ఏమీ అనుకోకమ్మా, అది చైర్మనైతే మా ఇంట్లో మొక్కజొన్న పోషో ముద్ద ఎవరు వండుతారు అని బలికోవా గొణిగాడు. ఇంటికొచ్చాక కిరుండా కూడా అదే పాట. నువ్వు మీటింగులని తిరిగితే ఇల్లెవరు చూస్తారే అన్నాడు. దాని మొగుడి పాచిక పారలేదు, నా మొగుడిది పారింది. ఇందులోనూ అదృష్టం దానిదే.

జులై 19
వాగు పక్క నేల అమ్మాలట కిరుండాకి. నా దుంపలు పండే నేల. చైర్మన్ ముద్ర కావాలి, నువ్వూ రావే, మీరు స్నేహితులు కదా అని బతిమాలాడు. నేనెందుకు, దాని వెనక నిలబడటం నీకు అలవాటేగా అన్నాను.

జులై 20
బిరిబావా ముద్ర వెయ్యలేదట. నేల అమ్మాలంటే పెళ్లాం ఒప్పుకోవాలి, ముందు కగోయాని తీసుకురా పో అందట.

నేనైనా అచ్చం అదే అనేదాన్ని. నా కడుపుమంటంతా అదే.