వేడి ఏడవోయింది

శనివారం రాత్రి, కొత్వాల్‌గూడ

ఇయ్యాల మా కాలేజీ హైబ్రిడ్ రేసు కారును గగన్‌పహాడ్‌ల మా షెడ్డు వెనక వాలు మీద దింపి చూసిన. దిగేటప్పుడు మోటరే బండిని పట్టి ఆపాలె, ఆ జోరంత కరెంటై బ్యాటరీలకు పోవాలె. రెండుసార్లు దింపినా మీటరు ముల్లు సరిగ్గ లేవలే. మస్తు పరేషానైన.

సద్ది తెచ్చిన బాపు గోడకాడ నిలబడి అంత చూసిండు. ముప్పై ఏండ్లు లారీ నడిపినోడాయె. "పై గేర్ల దిగితే బండిని ఏం పట్టుకుంటది బిడ్డా? ఎక్కేటప్పుడు ఏసిన గేర్లనే దిగు" అన్నడు.

గేరు తగ్గించంగనే మోటరు జోరుగ తిరిగింది, ముల్లు సర్రున లేచింది.

బండి ఆగినంక బాపు అలవాటుగ వంగి, భయం భయంగ బ్రేకును తాకిండు.

"ఇదేంది, చల్లగున్నది? వేడి ఏడవోయింది?"

"బ్యాటరీలకు పోయింది, బాపు."

బాపు బ్రేకు మీదికెల్లి చెయ్యి తియ్యలే. "ఘాట్ దిగినప్పుడల్లా బ్రేకు డ్రమ్ముల మీద బకెట్లకు బకెట్లు నీళ్లు పోసిన" అన్నడు మెల్లగ.

రేపు రేసంతటికి ఒక్కటే గేర్ల లెక్క ఖాయం చెయ్యాలె. గేరు తగ్గిస్తే కరెంటు మస్తొస్తది గని, సీదా రోడ్డు మీద ఎనకవడతం. ఏది పెట్టాల్నో ఇంక తెలుస్తలే.

బాపు మాత్రం అన్నం కాడ గూడ, ఎన్నడో డ్రమ్ముకు కాలి మచ్చవడ్డ ఆ అరచెయ్యి దిక్కే చూసుకుంట కూసున్నడు.