దోమల్ని తీయండి, పెద్దాయన్ని వదిలేయండి

మందుల కంపెనీ వారికి,

లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ముసలిదాన్ని రాయిస్తున్నాను. రాసేది పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే నా కోడలు. దస్తూరి బాగుంటే దానిది, మాట గట్టిగా ఉంటే నాది.

నా కుడి కంట్లో మూడు నీడలు తేలుతున్నాయి. రెండు దోమలు. మూడోది మా ఆయన. మెడ వంచి, ఒక భుజం దించి, అచ్చం ఆయనే. నేరుగా చూస్తే పక్కకి జారుకుంటాడు. బతికున్నప్పుడూ అంతే. ముప్పై ఏళ్లు దుప్పటికి ఆ కొస ఆయన, ఈ కొస నేను. ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలిపేవాళ్లం. ఇప్పుడు ఆ కొస మేకుకి తగిలిస్తున్నాను. అయినా తెల్లదుప్పటి ఎత్తితే చాలు, అవతల ఆయనుంటాడు.

దోమలు మాత్రం ఆయన మొహం మీదే వాలుతున్నాయి. దర్జీ ఆవిడ అనాసపండు తినమంటే నెల తిన్నాను. నాలుక పగిలింది గానీ దోమ కదల్లేదు. మీ ఆకుల మాత్రలు కంటి మచ్చల్ని కరిగిస్తాయని సీసా మీద ఉందట. పూటకొకటి మొదలుపెట్టాను. రెండే తీయాలంటే ఎన్ని వేసుకోవాలి?

ఇట్లు, వేలిముద్ర.

తా.క. ఆయన ఎడమపక్క ఉంటాడు. చూసుకుని తీయండి.

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ ఫిర్యాదు అందింది. మూడు మచ్చలూ పోనందుకు చింతిస్తున్నాము. పూటకు రెండు చొప్పున వాడండి. ఒక్కటీ మిగలదని మా హామీ.

భవదీయులు,
ఉత్తరాల విభాగం.

తా.క. సాధారణంగా పెద్దది ముందు పోతుంది.

కంపెనీ వారికి,

మీరు చదివేది ఉత్తరాన్నా, కవర్నా? మీ జవాబొచ్చేసరికే సగం సీసా అయింది. సోమవారం దుప్పటి ఎత్తాను. ఆయన లేడు! దోమలు రెండూ ఉన్నాయి, అత్తారింటికొచ్చిన అల్లుళ్లలా. ఇల్లు ఊడవమంటే ఇంటాయన్ని ఊడ్చేస్తారా?

ఒకసారి పోగొట్టుకున్నాను. అప్పుడు ఎవర్ని అడగాలో తెలియలేదు. ఈసారి సీసా మీద చిరునామా ఉంది. ఆయన్ని తిరిగి పంపండి.

ఇట్లు, ఈసారి గట్టిగా ఒత్తిన వేలిముద్ర.

తా.క. కోడల్ని రాస్తున్నాను. అత్తయ్య చెప్పిన తిట్లలో మూడోవంతే రాశాను. మిగతావి రాతలో ఎలా ఉంటాయో నాకు తెలియదు.

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

పెద్ద మచ్చ సగం సీసాకే మాయమైనందుకు అభినందనలు! మీ అనుభవాన్ని మా ప్రకటనలో వేస్తున్నాము. మిగిలిన రెండింటి కోసం ఒక సీసా ఉచితంగా పంపుతున్నాము.

భవదీయులు,
ఉత్తరాల విభాగం.

తా.క. పోయిన మచ్చ తిరిగి రాదు. నిశ్చింతగా ఉండండి.

నాయనా,

కంపెనీ అంటే గోడలు కాదు కదా, కూర్చుని రాసేవాడు ఒకడుంటాడు. నీతోనే మాట్లాడుతున్నాను. నీకు పెళ్లయిందా?

పొద్దున పనికెళ్లి దుప్పటి ఎత్తాలంటే భయమేస్తోంది. తెల్లగా ఉంటోంది. అంతే, తెల్లగా. ఆయన రావడానికి మందుంటే చెప్పు, ఎంత చేదైనా మింగుతాను. లేకపోతే నిజం చెప్పు.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. కోడల్ని. ఈసారి అత్తయ్య ఒక్క తిట్టూ చెప్పలేదండీ. నాకు అదే భయంగా ఉంది.

అమ్మా,

ఇది కంపెనీ కాగితం కాదు. ఉత్తరంలో ఒక మాట పట్టుకుని, దానికి సరిపోయే అచ్చు జవాబు పెట్టి పంపడం నా ఉద్యోగం. మీ ఉత్తరాలు నిన్ననే మొదటిసారి పూర్తిగా చదివాను. తప్పు నాది.

కంటి డాక్టరుని అడిగాను. కంటి లోపలి జిగురు వయసుతో ముద్దలు కడుతుందట, మనం చూసేది ఆ ముద్దల నీడల్నట. ఆకులు గానీ పళ్లు గానీ మాత్రలు గానీ వాటిని కరిగిస్తాయనడానికి నమ్మదగ్గ రుజువు లేదట. కొన్నాళ్లకి అవే చూపు దారిలోంచి కిందికి దిగుతాయట. కాబట్టి మీవారిని మేం తీసేయలేదమ్మా. మా మాత్రలకి అంత శక్తి లేదు. కళ్లు గబుక్కున పైకీ కిందికీ తిప్పి చూడండి, దిగిన నీడ మళ్లీ లేవొచ్చన్నారు.

ఒకసారి కళ్లు చూపించుకోండి. చుక్కలు ఒక్కసారిగా గుంపుగా వచ్చినా, మెరుపులు మెరిసినా ఆ రోజే వెళ్లాలట.

మీకు జవాబులు రాసేవాడు.

తా.క. పెళ్లయింది. అలిగి పుట్టింటికి వెళ్లి ఏడాది. ఇవాళ ఆవిడకీ ఒక ఉత్తరం రాశాను. అచ్చు జవాబు కాదు.

నాయనా,

కళ్లు తిప్పాను. లాండ్రీ అంతా నాకు పిచ్చెక్కిందనుకుంది. మూడోసారికి లేచాడు, బావిలోంచి చేద వచ్చినట్టు. దుప్పటి పట్టుకుని రెండడుగులు నడిచాను. మళ్లీ కిందికి జారాడు. జారనీ. ఎక్కడుంటాడో తెలిసింది కదా.

డాక్టరు కన్ను బాగానే ఉందన్నాడు. "అలవాటు పడిపోతారమ్మా, ఇక కనిపించనే కనిపించవు" అన్నాడు, ధైర్యం చెబుతున్నాననుకుని. నేను అలవాటు పడను పొమ్మన్నాను.

ఇంకో మాట. కోడలు మేకు పీకేసింది. అవతలి కొస ఇప్పుడు తనే పట్టుకుంటోంది. మంచి పిల్ల. కానీ సరిగ్గా ఆయన లేచే చోటే నిలబడుతోంది. కాస్త పక్కకి జరగవే అంటే నొచ్చుకుంటుందేమోనని అనలేక, ఇదిగో, నీకు రాయిస్తున్నాను.

ఇట్లు, వేలిముద్ర.

తా.క. కోడల్ని. జరిగానండీ.