వినకుండా పూర్తి చేసిన పాఠం

చిట్టితల్లికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడమే ఆవిడకు కష్టంగా ఉంది. వేళకు తింటున్నావో లేదో నువ్వు రాయలేదు. రాయలేదంటే తినట్లేదనే లెక్క. కొత్త గదికి కిటికీ ఉందో లేదో మళ్లీ అడగమంది అమ్మ.

నా దగ్గు గురించి అడిగావు. లాండ్రీలో ఆవిరి పీల్చేవాళ్లకు ఉండేదే, కంగారు పడకు.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. నువ్వు తయారుచేసిన ఆన్‌లైన్ శిక్షణ మావాళ్లకు నచ్చిందా అని రాశావు. మా ఆసుపత్రి లాండ్రీలో అందరూ పూర్తి చేశారని మీ ఆఫీసులో నిన్ను తెగ మెచ్చుకున్నారట. దీనికి జవాబు ఫోనులోనే చెప్పబోయాను. కానీ ఎండల గురించి ఏదో మాట్లాడి పెట్టేశాను.

మొదటి రోజు భోజనాలయ్యాక అందరి ఫోన్లలో నీ గొంతు వినపడింది. "మా అమ్మాయే!" అని గదంతా చాటాను. కానీ తల్లీ, నువ్వు ఆగకుండా చెప్పుకుంటూ పోయావు. "అర్థమైందా?" అని అడిగి, మేం నోరు తెరిచేలోపే "సరే, ముందుకు వెళ్దాం" అనేశావు. మూడో పాఠానికల్లా ఒకరు కునికిపాట్లు, ఒకరు కబుర్లు. వేళ్లు మాత్రం 'తరువాత' అన్న బటన్ నొక్కుతూనే ఉన్నాయి. నేను విన్నాను గానీ పాఠాన్ని కాదు, నీ గొంతును. అచ్చం పెళ్లినాటి మీ అమ్మ గొంతే అనుకుంటూ మురిసిపోయాను.

మా లాండ్రీలోని బక్కపిల్ల నీకు తెలుసుగా, నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. పోయిన వారం దుప్పట్ల మీద తుప్పు మరకలు వదలడం లేదని, బ్లీచ్ కలిపిన తొట్టిలోనే యాసిడ్ కూడా పోసింది. గుప్పున ఘాటు లేచింది. నేను ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని ఆ పిల్లను బయటికి ఈడ్చుకొచ్చాను. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం ఎప్పటికి బాగుపడుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు.

ఆ రెండూ కలపకూడదని నీ ఐదో పాఠంలో ఉంది. ఉందని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

అమ్మకు కూడా చెప్పని మాట ఒకటుంది. ఆ పాఠం నడుస్తున్నప్పుడు ఆ పిల్ల నన్ను అడిగింది: "బాబాయ్, ఇదంతా వినాలా? అక్కడ బట్టలు గుట్టలుగా పడున్నాయి."

"నొక్కేసి వెళ్లమ్మా. పనికొచ్చేది ఏదైనా ఉంటే నేను చెప్తాగా" అన్నాను.

నిన్న వార్డుకు వెళ్లి పక్కన కూర్చున్నాను. గొంతు రాక, ఉత్త గాలితో మాట్లాడినట్టుగా అడిగింది. "నీకూ తెలీదా బాబాయ్?"

"తెలీదమ్మా. నేనూ వినలేదు."

ఆ పిల్ల అటు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది.

శిక్షణ పూర్తి చేసినట్టు రికార్డులో ఉంది కాబట్టి తప్పంతా ఆ పిల్లదేనని, పనిలోంచి తీసేస్తామని మేనేజరు అంటున్నాడు. రేపు పొద్దున్నే వెళ్లి, మాలో ఎవరమూ వినలేదని, వినక్కర్లేదని చెప్పినవాణ్ణి నేనేనని ఒప్పుకుంటాను. నా కొలువు ఏమైనా కానీ. నీకు వచ్చిన మెప్పు కూడా దీంతో పోతుంది. అదే నా బాధ. పైవాళ్ల నోట వినకముందే నా నోటే తెలియాలని రాస్తున్నాను.

పాఠం బాలేదని నేనెలా అంటాను? ఎంత కష్టపడి చేశావో కనపడుతూనే ఉంది. కానీ మళ్లీ చేస్తే, ఒక్కరోజైనా ఎదురుగా తెరమీదకు రా. మరక పోకపోతే ఏం చేస్తావని పేరు పెట్టి అడుగు. తడబడినా, నవ్వినా, జవాబు వచ్చేదాకా ఆగు. మేం కూడా ఉన్నామని మాకు అనిపించాలి.

నామీద కోపం వస్తే ఉత్తరం రాయకు, ఫోన్ చేసి తిట్టు. నేనెక్కడికీ పోను, చివరిదాకా వింటాను.

ఇట్లు,
నీ మంచినే కోరినా నీకు చెరుపే చేసిన
నాన్న