నీ పచ్చ దుప్పటి నా సంచిలో ఉంది

సౌజన్యా, హాయిగా నిద్రపోతున్నావని లేపలేదు. డయాలసిస్‌కి నేనొక్కదాన్నే షేర్ ఆటోలో వెళ్తున్నా. ఇప్పుడు విజయవాడ దాకా పోనక్కర్లేదు కదా, మన తిరువూరు గవర్నమెంటు ఆసుపత్రే. సెలవు పెట్టకుండా బడికి వెళ్లి పాఠాలు చెప్పుకో. డాక్టరు చెప్పినట్టే నా కూరకి ముక్కలు ఉడికించి నీళ్లు పారబోశాను. ఉప్పు వేయకుండా తాలింపు పెట్టు, చాలు.

నీ పచ్చ దుప్పటి కోసం వెతక్కు, నేనే తీసుకెళ్తున్నా. మొన్న ఇక్కడి ఆసుపత్రిలో మొదటిసారి కదా, ఏసీకి వణికిపోయి దుప్పటి అడిగాను. మిషన్లు నడిపే కంపెనీ అమ్మాయి గవర్నమెంటు వాళ్లనడగమంది. గవర్నమెంటు నర్సేమో కంపెనీ వాళ్లనడగమంది. ఇద్దరూ మంచివాళ్లే, దుప్పటి ఇచ్చే పని మాత్రం ఇద్దరిదీ కాదట. రక్తం మాత్రం శుభ్రంగా కడిగారు, కార్డు చూసి పైసా అడగలేదు. విజయవాడ నుంచి వచ్చిన రోజు మంచం దిగేదాన్ని కాదు. మొన్న వచ్చి చిక్కుళ్లు ఒలిచాను, చూశావుగా.

మధ్యాహ్నానికి వచ్చేస్తా. ఊరికే ఫోన్లు చేయకు.

అత్తయ్య

నా దుప్పటి ఉండగా నీదెందుకంటావేమో. విజయవాడలో నా మంచం పక్కన కూర్చుని ఇన్నాళ్లూ నువ్వు కప్పుకున్నది ఆ పచ్చదే. నువ్వు రాకపోయినా అది ఒంటిమీదుంటే నాకు ధైర్యం.